మోగని పెట్టె

పూణే,
ఆదివారం.

అక్కకు,

చెల్లెలు రమ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, అత్తమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో చెబితే మళ్లీ ఇద్దరం అరుచుకుంటాం, అందుకే ఉత్తరం.

బావగారికి ఏమని చెప్పను అక్కా? రొయ్యల గుంట దగ్గర నేను పెట్టిన పెట్టెకు ఒకటే పని. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే మీ ఫోన్లు మోగించాలి. ఆయుధపూజ నాడు నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు కడిగి పసుపు కుంకుమ పెట్టారు, సంతోషం. అంతటితో ఆగకుండా ఆ పెట్టె ముందు కూర్చుని, అప్‌డేట్ చేయాలా అని అది అడిగిన ప్రతిదానికీ సరేనని నొక్కేశారు. పైగా నాతో, "పండగ పూట అన్నీ కొత్తగా ఉండాలని నొక్కినానమ్మా" అన్నారు.

ఆ ప్రోగ్రాం పైథాన్‌లో రాశాను. ఆ కంప్యూటర్ భాషకు ఏటా దసరా రోజుల్లోనే కొత్త వెర్షన్ వస్తుంది. వచ్చినప్పుడల్లా పాతవి కొన్ని తీసేస్తారు. ముందే హెచ్చరిస్తారులే, కానీ విడవలూరులో గుంట గట్టు మీద ఆ హెచ్చరికలు ఎవరు చదువుతారు? సెన్సర్‌తో మాట్లాడే ముక్క ఎవరో మహానుభావుడు రాసి వదిలేశాడు, ఇప్పుడు దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. కొత్త వెర్షన్ ఎక్కగానే ఆ ముక్క ఆగిపోయింది, దాంతో పెట్టె మొత్తం చడీచప్పుడు లేకుండా పడుకుంది. ఆఫీసులోనూ ఇదే గోల. పైథాన్ ఇకపై ఇంకా వేగంగా నడుస్తుందని, ఒకేసారి నాలుగు పనులు చేస్తుందని కుర్రాళ్లు పొంగిపోతున్నారు. మా మేనేజరేమో ముందు ముందు మనం రాయక్కర్లేదు, మిషనే రాసుకుంటుందంటాడు. రాసుకోనీ. నిరుడు నడిచింది ఈ ఏడు కూడా నడిస్తే నాకు అదే పదివేలు.

పండగ మర్నాడు తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలాయని నువ్వు చెప్పినప్పటి నుంచి అన్నం సహించడం లేదు. అసలే ఇక్కడ పప్పులో బెల్లం వేస్తారు. బావగారు చూసి ఏరియేటర్లు తిప్పబట్టి సరిపోయింది. ఒక మూల పోయినవి పోయాయి, మిగతావి వల వేసే పట్టుబడి రోజు దాకా దక్కితే చాలు. "పెట్టె మోగలేదు గదా, అంతా బాగుండాదనుకున్నాం" అన్నావు చూడు, అప్పుడు ఏడుపొచ్చింది. చచ్చిన పెట్టె కూడా మోగదు అక్కా.

పెట్టెను ఇక్కడి నుంచే సరిచేశాను. ఇకనుంచి అంతా బాగుంటే పొద్దునా సాయంత్రం ఒక్కోసారి మోగి ఆగుతుంది, ఆక్సిజన్ తగ్గితే ఆగకుండా మోగుతుంది. మోగని పూట చేతిలో పని వదిలేసి గుంటకు పరుగెత్తండి. బావగారిని దానికి దణ్ణం మాత్రమే పెట్టమను, ఏదీ నొక్కవద్దను. ఎవరైనా ఇటు వస్తుంటే కూరకు ఎండు నెత్తళ్లు పంపు.

అత్తమ్మకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పండగ రోజంతా నేనూ ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. మోగలేదు కాబట్టి అక్కడ అంతా బాగుందనుకున్నాను. ఏ ఇబ్బందీ లేని రోజు కూడా ఒకసారి ఫోన్ చెయ్యి అక్కా.

మీ దీవెనలు కోరుతూ,
రమ