దగ్గిన డాల్ఫిన్

12-8-1983, శుక్రవారం

రెండు స్నానాలు చేసినా చేతుల వాసన వదల్లేదు.

రుషికొండ ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్‌ని ఎలా చచ్చిందో చూడ్డానికి ఈరోజు నేనే కోశాను. అక్కడ వల వేసే పోలయ్య పక్కనే నిలబడి, "రెండ్రోజులు ఒడ్డు కాడే దగ్గుతూ తిరిగిందమ్మా. నాను ఇన్నాను" అన్నాడు.

మా ఆఫీసరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "చేప దగ్గడమేంటయ్యా? నీ వలలోనే పడి చచ్చుంటుంది. అలాగే రాసెయ్యమ్మా" అన్నారు నాతో.

పోలయ్య ముఖం మాడిపోయింది. "నా వల పట్టుకుపోతారేటమ్మా?" అన్నాడు.

దాని ఒంటిమీద వల తాడు ఒరుసుకున్న గుర్తు ఒక్కటి లేదు. ఊపిరితిత్తి కోస్తే, గాలి వెళ్లే గొట్టాల నిండా తెల్లటి సన్నని పురుగులు, ఉడికిన సేమ్యాలా ఉండకట్టి ఉన్నాయి. డాల్ఫిన్ చేప కాదు, మనలాగే గాలి పీల్చే ప్రాణి. ఊపిరాడకపోతే దగ్గక ఏం చేస్తుంది? పశువుల డాక్టర్ని, నాకు కత్తి పెట్టాక తెలిసింది. పోలయ్యకు పడవలో కూర్చునే తెలిసింది.

రిపోర్టు ఇప్పుడే పూర్తయింది. లక్షణాలు అన్నచోట "దగ్గు" అని రాశాను. రేపు ఆ మాట తీసెయ్యమంటారు. నేను తియ్యను. అంత నవ్వొస్తే ఆ మాటను ఆయన చేత్తోనే కొట్టేసి, పక్కన సంతకం పెట్టమంటాను.