టేపు మొదలైన చోటు

భద్రాచలం,
నవంబరు 2009.

అమ్మకు మహిమ వందనాలు.

ప్రభువు దయవల్ల జ్వరం తగ్గింది, అన్నం సయిస్తోంది. మీరిద్దరూ క్షేమమని నీ ఉత్తరంలో మొదటి ముక్కే రాశావు, సంతోషం. మిగతాదంతా నా సినిమా గురించే కాబట్టి ముందు నా కోపం రాసేస్తాను. నేను పంపిన సీడీ మందిరంలో వేశాక నాన్న లేచి నిలబడి, "మా బిడ్డ తప్పిపోయిన కుమారుని కథ తీసింది, ఆ నలుగురు ఆడపిల్లలు నాలుగు సువార్తలు" అని సాక్ష్యం చెప్పాడట. ఇల్లు విడిచిపోయిన క్రాంతన్న తిరిగి రావాలని మూడేళ్లుగా చేస్తున్న ప్రార్థనకు నా సినిమాను తోకలా కట్టాడు. నన్నొక మాట అడిగితే ఏం పోయేది? మన ఇంట్లో నేనేం చెప్పినా ఇంతే, మీకు కావలసిందే మీకు వినబడుతుంది.

వాళ్లు నలుగురు కాదమ్మా, ఒక్కతే. వీడియో స్టూడియోలో పనిచేసే అమ్మాయి. క్యాసెట్ వెనక్కి తిప్పితే అందులో ఉన్న రోజుకు తానే వెళ్లిపోతుంది. గోదారి ఒడ్డున ఎవరినో పడుకోబెట్టి దుప్పటి కప్పి ఉంటారు. ఆలస్యమైందని మళ్లీ తిప్పుతుంది, మళ్లీ వెళ్తుంది. ముందుసారి వెళ్లిన తాను అక్కడే నిలబడి ఉంటుంది. అట్లా చివరికి ఒడ్డున నలుగురవుతారు, నలుగురూ ఆలస్యంగా వచ్చినవాళ్లే. మూఢం పడి పెళ్లిళ్లు లేని రోజుల్లో నేను పనిచేసే హఫీజ్ భాయ్ స్టూడియో కెమెరా ఖాళీగా ఉంటే పర్ణశాల దగ్గర తీశాను. ఆ దుప్పటి ఫొటోలకు వెనక కట్టే తెల్లగుడ్డ. కింద ఉన్నది ఇసుక బస్తాలు.

ఇక్కడ స్టూడియోలో వేస్తే సగం మంది మధ్యలోనే లేచిపోయారు. ఉన్నవాళ్లు కొట్లాడుకున్నారు.

"గిదేం సిన్మా? ఒక్క పోరే నాలుగుసార్లొచ్చి లైన్ల నిలబడ్డది, రేషన్ షాపా ఏంది?" అన్నాడు పక్క సెల్ షాపు ఫజల్.

"దిమాక్ ఉన్నోళ్లకు సమజైతది లే" అని హఫీజ్ భాయ్ భార్య అమీనా బీ వాడి నోరు మూయించింది. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి, "నాక్కూడ సమజ్ కాలే బేటీ, జర చెప్పు" అంది.

ఇక నీ ప్రశ్నలు. తింటున్నాను. చలికి దుప్పటి ఉంది. క్రిస్మస్ కూడికల్లో మళ్లీ వేస్తామని, చివర్లో ఆ గుడ్డ కొంచెం కదిలినట్టు ఒక్క ముక్క కలపమని పాస్టరుగారు అడిగారన్నావు. "కలుపు బిడ్డా, నాకోసం" అని కింద నువ్వూ రాశావు. మూడేళ్లుగా రాత్రిళ్లు తలుపు గడియ వేయవు కదా, పిల్లి దూరి పాలు తాగిందని కూడా రాశావు. ఆఖర్న ఇది అడిగావు: "ఆ పోరి ఇంకింత ఎనకకు ఎందుకు పోదే? పొద్దుగాల్నే పోయి తలుపు కాడ్నే పట్టుకోవచ్చు గద?"

చూసినవాళ్లలో ఈ మాట అడిగింది నువ్వొక్కదానివే.

టేపు మొదలైన చోటి దాకానే పోగలదమ్మా. కెమెరా వచ్చేసరికే అతను ఒడ్డున ఉన్నాడు.

ఇది నేను కల్పించింది కాదు. గుర్తు తెలియని శవం దొరికితే పోలీసులు వీడియో తీయడానికి హఫీజ్ భాయ్‌నే పిలుస్తారు. నాన్నతో గొడవపడి అన్న వెళ్లిపోయిన ఆ వానాకాలం, వరద తగ్గాక తీసిన క్యాసెట్ ఒకటి పాతవాటిలో దొరికింది. అందులో దుప్పటి తీశారు. ముఖం ఆనవాలు లేదు. ఎడమ చేతికి కట్టు ఉంది. పసుపు గుడ్డ మీద నీలం పూలు. గడ్డి కోస్తుంటే కొడవలికి చెయ్యి తెగిందని నీ చీర చెంగు చింపి కట్టావే, అదే. ముడి కూడా నీదే. ఆ కట్టు విప్పుకునేదాకా కూడా అన్న బతకలేదు. అడవిలో అన్నల్లో కలిశాడన్నది, హైదరాబాద్‌లో ఎవరో చూశారన్నది, అన్నీ ఆ తర్వాత పుట్టిన మాటలు.

"నాకేం ఎరుక బేటీ, తెలిస్తే నేనే తెచ్చి అమ్మకు అప్పజెప్పకపోదునా" అని హఫీజ్ భాయ్ ఏడ్చాడు. పాతిపెట్టిన చోటు చూపించాడు. ఊరి బయట తుమ్మల్లో ఉంది. గుర్తుకు రాయి కూడా లేదు.

నోటితో చెప్పలేక సినిమా తీశాను. చూస్తే నీకు తెలుస్తుందనుకున్నాను. తెలిసే ఆ ప్రశ్న అడిగావేమో.

ఆ గుడ్డ కదలదు. నేను కదిలించను. ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. తిరిగి రావలసిన వాళ్ల ప్రార్థనలో క్రాంతన్న పేరు ఇక చదవనివ్వను. ఆ రోజే జ్ఞాపకార్థ కూడిక పెట్టిస్తాను. రాత్రికి తలుపు గడియ వేసుకో.

ఇట్లు,
క్రాంతి చెల్లెలు, నీ బిడ్డ
మహిమ