ఆర్డరుకు ముందే వేసిన అడుగు

నా సొద చివరిదాకా వినే వదినకు,

నీ మరిది క్షేమం. ఈ మిలిటరీ క్యాంపులో తిండి పెడుతున్నారు, తిట్లు అంతకంటే ధారాళంగా పెడుతున్నారు. మన టైలరు షాపులో కస్టమరు ముందే అన్నయ్య కత్తిరింపు తప్పని చెప్పి, ఆయన ఒక్క మాట అన్నాడని "ఆఫీసరునై తిరిగొస్తా, చూస్తుండండి" అంటూ గుమ్మం దాటినవాణ్ణి కదా, కాబట్టి గొప్పలే రాయాలి. రాస్తున్నాను. మా రిక్రూట్లలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. తుపాకీ విప్పి బిగించడం డ్రిల్లు మాస్టారు చూపించకముందే నాకు వచ్చు. బూటు లేసు ఎలా కడితే మడమ ఒరుసుకోదో మా వరుసకంతా నేనే నేర్పాను. అప్పుడే నాకు 'మేధావి' అని పేరు పెట్టేశారు. వెటకారమేలే, నాకు తెలియక కాదు.

ఒక్క డ్రిల్లు దగ్గరే పేచీ వస్తోంది. ఇక్కడ ఆర్డరు రెండు ముక్కలుగా వస్తుంది. "ఎడమవైపు" అని సాగదీస్తాడు మాస్టారు, మనం సిద్ధంగా ఉండాలి. "తిరుగు" అన్నాకే తిరగాలి. ఎడమవైపు అన్నాక తిరుగు అనక, పాట పాడు అంటాడా? అందుకని నేను ముందే తిరిగేస్తాను. ఆయన నా ముక్కు దగ్గరికొచ్చి, "నేను నోరు మూయకముందే నీకు అంతా అర్థమైపోతుందేంట్రా? ఇంక నాకెందుకురా జీతం దండగ?" అని అరిచాడు. నవ్వకూడదు కాబట్టి నవ్వలేదు.

నీ మేధావి మరిది


వదినా,

ఈ ఉత్తరం అన్నయ్యకు చూపించకు. ముందు నువ్వొక్కదానివే చదువు.

పోయినసారి రాసిన గొప్పలన్నీ చెరిపేసుకో. నేను ముందు తిరిగినప్పుడల్లా వరుస మొత్తం తుపాకులు నెత్తిన పెట్టుకుని మైదానం చుట్టూ పరుగెత్తాలి. నాతోపాటు అందరూ. మాస్టారు ఇప్పుడు నా కోసమే గాలం వేస్తున్నాడు. "ఎడమవైపు" అని సాగదీసి, ఆగి, "చూడు" అంటాడు. నేను తిరిగిపోయి ఉంటాను. ఆగుదామనే అనుకుంటాను వదినా, నా కాలు నా మాట వినదు. స్నానాల దగ్గర నేను వెళితే పంపు కట్టేసి వెళ్ళిపోతున్నారు. భోజనాల బల్ల దగ్గర నా ఎదురుగా ఖాళీ కుర్చీ. మంచం, ఇనప బీరువా, మైదానం, మళ్ళీ మంచం. గోడ అవతల బస్సు హారన్ వినిపిస్తే మన ఊరి బస్సేనేమో అని చెవి పెడుతున్నాను. కుడితిలో పడ్డ ఎలుకను చూసి చిన్నప్పుడు నవ్వేవాణ్ణి.

నాతో మాట్లాడేది పక్క మంచంవాడు ఒక్కడే. నిలబడి కూడా నిద్రపోతాడని వాణ్ణి అందరూ 'కునుకు' అంటారు. వాళ్ళావిడకు పురిటి రోజులు. వాడికీ వెళ్ళిపోవాలనే ఉంది, అడగాలంటే భయం. ఇక్కడొక పద్ధతి ఉంది. ప్రమాణం చేసే రోజు పెద్ద ఆఫీసరు అందరినీ వరుసలో నిలబెట్టి, వెళ్ళిపోయేవాళ్ళను ఒక అడుగు ముందుకు రమ్మంటాడట. వచ్చినవాణ్ణి ఏమీ అనకుండా ఇంటికి పంపేస్తారు. ఆ రోజు దాటితే ఐదేళ్ళు కదలనివ్వరు. ఇదంతా వంటవాళ్ళను అడిగి నేనే కనుక్కున్నాను. కునుకుతో, "నువ్వేం ఆలోచించకు, నేను అడుగేసినప్పుడు నువ్వూ వెయ్యి" అని చెప్పాను. వాడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నువ్వు అన్నయ్యను ఒప్పించాలి. బొత్తాలు కుట్టమన్నా కుడతాను. ఆయన అంగుళం తప్పు కత్తిరించినా నోరెత్తను. నన్ను రానివ్వమని చెప్పు వదినా, నీకు దణ్ణం పెడతాను.

నీ మరిది


వదినా,

నువ్వు పంపిన పార్సిలు అందింది. ప్రయాణానికని అన్నయ్య కుట్టిన చొక్కా వేసి చూసుకున్నాను. కొలతలు తీసుకోకుండానే కుట్టాడు, అయినా ఎక్కడా బిగుతూ లేదు, వదులూ లేదు. నేను రావడం లేదు. ప్రమాణం చేసేశాను.

నువ్వు తిట్టేలోపు ఏం జరిగిందో విను. ఆఫీసరు వచ్చాడు, పెద్దాయన, నెమ్మదైన గొంతు. "ఇప్పుడు ఒక అడుగు ముందుకు..." అన్నాడు. నేను వేసేశాను. నా పక్కనే కునుకు బూటు కూడా టక్కుమంది. అప్పుడు ఆయన మాట పూర్తి చేశాడు: "...వేయాల్సింది ఉండదలచినవాళ్ళు. వెళ్ళదలచినవాళ్ళు కదలక్కర్లేదు." వెళ్ళేవాళ్ళను అందరి ముందూ నిలబెట్టడం అవమానంగా ఉంటుందని ఈసారి పద్ధతి తిరగేశారట. నా వెనక బూట్లన్నీ ఒక్కసారిగా చప్పుడు చేసుకుంటూ మా పక్కకొచ్చి ఆగాయి. వెనక ఇద్దరో ముగ్గురో మిగిలారు. పెద్దాయన నన్ను చూసి, "అందరికంటే ముందు వేశాడు, శభాష్" అన్నాడు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. డ్రిల్లు మాస్టారికి నా కాలు సంగతి తెలుసు కదా. టోపీ సరిచేసే వంకతో దగ్గరికొచ్చి, "ఎప్పటిలాగే దూకావా? పొరపాటైతే చెప్పరా, వెనక నిలబెడతాను. ఎవరూ ఏమీ అనరు" అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు వదినా. 'పొరపాటు సార్' అంటే చాలు. ఆ మాట నా నోట్లోంచి రాలేదు. "లేదు సార్, తెలిసే వేశాను" అన్నాను. ఆయన కునుకు వైపు తిరిగి, "నువ్వో?" అన్నాడు. వాడు నా మొహం చూసి, "నేనూ తెలిసే సార్" అన్నాడు.

వాడికి కూతురు పుట్టింది. నిన్ననే కబురొచ్చింది. వాడికి నా మీద కోపం కూడా లేదు. "నీకేదో ఉపాయం ఉండే ఉంటుంది, లేకపోతే అలా అనవు. ఎప్పుడు వెళ్తున్నామో చెప్తే సామాను సర్దుకుంటా" అంటున్నాడు. మూడు రోజులుగా వాడి కళ్ళల్లోకి చూడలేకపోతున్నాను. నా పరువు కోసం ఒక పసిగుడ్డు తండ్రిని ఇక్కడ కట్టేశాను. ఏడుపొస్తోంది వదినా, ఇక్కడ ఏడవడానికి కూడా చోటు లేదు. ఈ ఉత్తరం నీకు పంపే ముందు వాడికి చదివి వినిపిస్తాను. నోటితో చెప్పమంటే మళ్ళీ ఏదో ఒకటి తెలిసినట్టే మాట్లాడతాను.

చదివేశాను. వాడు మంచం అంచున కూర్చుని అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. "అయితే నీకూ తెలీదన్నమాట" అన్నాడు. తర్వాత కాగితం అడిగితే ఇచ్చాను. వాళ్ళావిడకు రాస్తాడట. మొదటి వాక్యం దగ్గరే పెన్ను ఆగిపోయింది. నేను వాడి పక్కకు జరిగి, "ఏమని రాయాలో..." అని మొదలుపెట్టాను.

"నువ్వు మాత్రం చెప్పకు" అన్నాడు.

నీ మరిది