జనపనార కప్పుకు నేను పెట్టిన సంతకం

పట్టణ కట్టడాల తనిఖీ అధికారి వారికి,
ఖరగ్‌పూర్.

అర్జీదారు: బెవర నూకయ్య, రైల్వే వర్క్‌షాపు ఫైబర్ సెక్షన్ విశ్రాంత కార్మికుడు, ట్రాఫిక్ సెటిల్‌మెంటు వెనుక వీధి.

అయ్యా,

విషయం: మా వీధి బాలవాడి పైకప్పు పలక కూలి నా భార్య కుడిచేయి విరిగిన సంగతి, సదరు పలకలు చేయించిన కాంట్రాక్టరు మహీధర్‌ను శిక్షించుట, అతని పేరు కింద నా పేరు కూడా చేర్చుట గురించి.

తమరు తెలుగు చదవగలరని విని ఈ అర్జీ తెలుగులోనే రాస్తున్నాను. బెంగాలీలో రాయిస్తే రాసిపెట్టేవారు నా కోపాన్ని తగ్గించి రాస్తారు. అది నాకు సమ్మతం కాదు.

1. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు రైలు బోగీలకు కావలసిన ఫైబర్ సామాను చేసి రిటైరయ్యాను. గాజునారను రెజిన్ అనే జిగురులో తడిపి, పొర మీద పొర వేసి ఆరనిస్తే ఇనుములా బిగుస్తుంది. తుప్పు మాత్రం పట్టదు. ఈమధ్య లోపలి పొరలకు జనపనార బట్ట వేసి ఇళ్ల కప్పులకు పలకలు చేస్తున్నారు. ఈ బెంగాల్ పొలాల్లో పండే నారే. సిమెంటు అక్కర్లేదు, ఎండకు ఇనప రేకులా కాగదు. ఈ విద్య మీద నాకు ఎటువంటి ఫిర్యాదు లేదని ముందుగా మనవి. బట్టను పూర్తిగా ఆరబెట్టాలి, పలక అంచులను రెజిన్‌తో మూసెయ్యాలి. ఈ రెండూ చేస్తే మన మనవలు ముసలివాళ్లయ్యేదాకా కప్పు నిలుస్తుంది. చెయ్యకపోతే నీరు చొరబడి పొరలు విడిపోతాయి.

2. మహీధర్ అనే వ్యక్తి బజారులో బియ్యం, పప్పుల కొట్టు నడిపే సీతారామాంజనేయులు గారి కుమారుడు. ప్రేమ్ బజార్ దగ్గర షెడ్డు వేసి కాంట్రాక్టులు చేస్తున్నాడు. మా వీధి మహిళా సంఘం నడిపే బాలవాడికి నలభై రెండు పలకల కప్పు వేసే పని అతనికి వచ్చింది. మొదటి పలక నా చేతే చేయించాడు. బట్టను రెండు రోజులు ఎండలో ఆరబెట్టి చేశాను. ఆరుగురు ఎక్కి నిలబడ్డా వంగలేదు. పరీక్షకు పంపితే నెగ్గింది.

3. తర్వాత నన్ను పిలవలేదు. నిరుడు ఆషాఢంలో నేనే షెడ్డుకు వెళ్లాను. బట్టకు బదులు పాత గోనె సంచులు చించి, తడిగా ఉండగానే రెజిన్‌లో ముంచుతున్నారు.

"ఏటి బాబూ ఇది? తడి గోనె లోపలెడితే పొరలు పట్టుకుంటాయేటి?" అన్నాను.

"వానల్లో ఎక్కడ ఆరబెట్టమంటారు మేస్త్రీ గారూ? పైనా కిందా గాజునార వేస్తున్నాంగా. లోపల ఏముందో ఎవరు చూస్తారండీ?" అని అతను నవ్వి, ఒక కాగితం ముందు పెట్టాడు. "మీ సంతకం లేకపోతే ఆఫీసులో నమ్మరండీ."

ఆ కాగితంలో "తయారీ పర్యవేక్షణ: మాస్టర్ మౌల్డర్ శ్రీ బెవర నూకయ్య" అని ఉంది, అంటే అచ్చుపనిలో ఆరితేరినవాడని. ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసులో నా పేరు ముందు మాస్టర్ అని ఎవరూ రాయలేదు. సంతకం పెట్టాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఏ ఆశా చూపలేదు. నాకు తాగుడు అలవాటు లేదు. ఇది నమోదు చేసుకోవలెను.

4. నా భార్య గంగాభవాని ఆ బాలవాడిలో పిల్లలకు కిచిడీ వండుతుంది. గత నెల మూడు రోజుల వాన తర్వాత వంటగది పైనున్న పలక రెండు చెక్కలుగా విడిపోయి ఆమె మీద పడింది. పిల్లలు చేతులు కడుక్కోవడానికి వాకిట్లోకి వెళ్లి ఉండడం దేవుడి దయ. ఆమె కుడిచేయి రెండు చోట్ల విరిగింది. వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవడం లేదు. పొద్దున్నే ఆమెకు జడ నేనే వేస్తున్నాను. వంకరగా వస్తున్నదని ఆమె రోజూ చెబుతున్నది.

మహీధర్ ఆసుపత్రికి వచ్చి, "కోతులు గెంతి ఉంటాయండీ" అన్నాడు. విరిగిన చేయి ముందు నిలబడి ఆ మాట అన్నాడు. వీణ్ణి వదలకూడదని నేను అప్పుడే నిశ్చయించుకున్నాను.

5. పొరలు గట్టిగా అతుక్కున్నదీ లేనిదీ తేల్చడానికి మా పనిలో ఒక తేలిక పరీక్ష ఉంది. ముక్కను నీళ్లలో ఉడకబెట్టడం. కూలిన పలకలోంచి జానెడు ముక్క కోసి, గ్యాసు పొయ్యి, గిన్నె మోసుకుని, ఆదివారం ఉదయం రద్దీగా ఉన్న వేళ సీతారామాంజనేయులు గారి కొట్టు ముందు బల్ల వేశాను. ఇంట్లోనే ఉడకబెట్టవచ్చు. కానీ అతని తండ్రి చూడాలి, తండ్రి దగ్గర సరుకు కొనేవాళ్లు చూడాలి. అదే నా ఉద్దేశం. దాచను.

"క్యా పకా రహే హో, దాదా?" అని, ఏం వండుతున్నావని అడిగినవారందరికీ, "మహీధర్ బాబు కట్టిన కప్పు" అని జవాబు చెప్పాను.

రెండు గంటలు ఉడికేసరికి ముక్క ఉబ్బి, పొరలు పుస్తకం తెరుచుకున్నట్టు తెరుచుకున్నాయి. మధ్య పొర మీద నీలిరంగు గుండ్రని గుర్తు బయటపడింది. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. అది ఆయన తన బియ్యం బస్తాల మీద స్వయంగా వేసే గుర్తు.

"ఈ గోనె మా కొట్టుదే," అన్నారు మెల్లగా. "మావాడు ఖాళీ సంచులు కావాలంటే, ఇసక నింపడానికేమో అనుకుని నేనే ఇచ్చాను." నాకు కడుపు చల్లబడింది. అబద్ధమాడను.

అప్పుడు ఆయన తలెత్తి, "మంచిది, సాక్షిగా నా పేరు రాసుకోండి నూకయ్య గారూ. ఇంతకీ ఈ పలకలు సరైనవేనని సంతకం పెట్టిందెవరు?" అని అడిగారు.

నా భార్య చేతికి కట్టుతో నా పక్కనే నిలబడి ఉంది. అప్పటిదాకా ఆమెకు నేను చెప్పలేదు. "నేనే" అన్నాను. ఆ రోజు నుంచి ఆమె జడ గురించి తప్ప నాతో మాట్లాడడం లేదు.

6. ఇప్పుడు మహీధర్ మిగిలిన నలభై ఒక్క పలకలూ తీసేసి ఉచితంగా రేకులు వేస్తానంటున్నాడు. సాక్ష్యాన్ని మాయం చెయ్యడానికే ఈ ధర్మబుద్ధి. అందువల్ల తొమ్మిది రోజులుగా బాలవాడి గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కాస్తున్నాను. అతని మనుషులు రెండుసార్లు నిచ్చెన తెస్తే అడ్డంగా పడుకున్నాను. పిల్లలు ఆ కప్పు కిందే కూర్చుంటున్నారు, దించనివ్వరాదా అని పంతులమ్మ మీనాకుమారి గారు అడిగారు. అధికారి గారు వచ్చి చూసేదాకా ఒక్క పలక కదలకూడదని చెప్పాను.

కావున తమరు స్వయంగా వచ్చి, సదరు పలకలను నలుగురి ఎదుట రంపంతో కోయించి, ఈ మనిషి ఈ ఊళ్లో ఇంకొక గోడ, ఇంకొక కప్పు ముట్టకుండా ఉత్తర్వు ఇవ్వవలెను. అతని నేరం అతని షెడ్డు ముందు బోర్డు మీద రాయించవలెను. రెండో ముద్దాయిగా నా పేరు చేర్చవలెను. "మాస్టర్" అనే మాట తీసివేసి చేర్చవలెను.

ఈ కోపంలో నిజం ఎంతుందో తమరే తూచి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బెవర నూకయ్య

తా.క.: ఈ అర్జీని కవరులో పెట్టేముందు నా భార్యకు చదివి వినిపించాను. అయిదో అంశం వరకు ఊరుకుంది. ఆరోది వినగానే లేచి నిలబడింది.

"నీ పగ మండిపోను! పిల్లలేటి సేసినారు నీకు? నా మీద పడ్డది సాల్లేదా? ఇంకా ఎవుల మీద పడాల?"

"సాక్ష్యమే..." అన్నాను.

"కిందకి దించితే సాచ్చికం సచ్చిపోద్దేటి? లెక్కెట్టుకో, పొటోలు తీసుకో, మన వాకిట్లో ఎట్టుకో. రాతిరి పక్కనే తొంగో!"

మహీధర్‌కు ఫోను కూడా ఆమే చేసింది. అతని పనివాళ్లు ఎవరూ దొరకలేదు. ఒక్కడే నిచ్చెన తెచ్చుకుని వచ్చాడు. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు తన చేతులతోనే ఒక్కొక్క పలకా విప్పి, తాడు కట్టి దించాడు. పలకలన్నీ వరుస నంబర్లతో మా వాకిట్లో ఉన్నవి. పిల్లలు ప్రస్తుతం మీనాకుమారి గారి వరండాలో కూర్చుంటున్నారు.

నిచ్చెన పట్టుకోవడానికి వేరే మనిషి లేక నేనే పట్టుకున్నాను. పన్నెండు అడుగుల ఎత్తు. ఒక్క కుదుపు చాలు. నలభై ఒక్కసార్లు అతను ఎక్కాడు, నలభై ఒక్కసార్లూ నాకు ఆ ఆలోచన వచ్చింది. ఊపలేదు. చివరికి దిగి, చేతులు తుడుచుకుని, "గట్టిగా పట్టుకున్నారు మేస్త్రీ గారూ" అన్నాడు. నేను ఆఖరి పలక మీద నలభై ఒకటి అని నంబరు వేశాను.

దీన్ని రాజీగా నమోదు చేయవద్దని ప్రార్థన.