మునెప్పకు చూపిన కుర్చీ

చాకవేలులో మీ నాన్న కల్లంగడి నీ చేతికి రాగానే అందరికీ గ్లాసులే పెడతానని నాకు మాట ఇచ్చావు. అంగడి నీదయింది. గ్లాసులు మాత్రం మన కులంవాళ్ళకే దక్కాయి. నువ్వు దాన్ని మూసేదాకా వెలివాడ మునెప్ప కంచె అవతల కూర్చుని కొబ్బరిచిప్పలోనే తాగాడు.

నిన్న నీ సంవత్సరీకం. భోజనానికి రమ్మన్నారు, వెళ్ళలేదు. మునెప్పను వెంటబెట్టుకుని చిక్కబళ్ళాపురం వెళ్ళాను. అక్కడ రోడ్డు పక్కన ఒక పబ్బులో రాగులతో బీరు చేసి అమ్ముతున్నారు. కౌంటరు దగ్గరి అమ్మాయి మా ఇద్దరికీ ఒకేలాంటి చిన్న గ్లాసుల్లో పోసింది.

“కొత్తగా వచ్చినారా అప్పా? ముందు రుచి చూడండి, దీనికి దుడ్డు లేదు.”

మునెప్ప గ్లాసు పట్టుకుని గుమ్మం వైపు నడిచాడు.

“యాడికి పోతాండారప్పా?”

“బయట కూచుంటానమ్మా.”

“బయటెందుకు? ఈడ కుర్చీ ఉండాది కదా!”

కూర్చున్నాడు. నేను ధరలు చదివి వినిపిస్తే పకపకా నవ్వాడు.

“పెద్ద గ్లాసు నాలుగు నూర్లా! మూట రాగులమ్మినా ఊరందరికీ తలా గుక్కే వస్తాది సామీ.”

ఆ ధర దోపిడీయే. మునెప్ప మళ్ళీ ఆ గడప తొక్కలేడు. ఆ మాట వాళ్ళ ముఖానే అనేసి వచ్చాను. కానీ ఆ అమ్మాయి ఎవరి ఇంటివాడివని అడగకుండా అతనికి కుర్చీ చూపించింది. నీకు ఆ పని జీవితమంతా చేతకాలేదు.

మీ నాన్నకు భయపడ్డావని ఊరు ఇప్పటికీ నిన్ను వెనకేసుకొస్తుంది. ఆయన పోయాక ఇరవై ఏళ్ళు అంగడి నడిపిందెవరు? నేను ఆయన్ని తప్పుపట్టను, ఊరినీ తప్పుపట్టను. నిన్నే, వెంకటరెడ్డీ.