ఎవరూ రాని దారి

మార్సెయ్,
అక్టోబరు, ఆదివారం.

ప్రియమైన సొలాంజ్‌కి,

ఈ ఊళ్లో దిగి నెల కావస్తోంది. ఇంకా నా కాళ్లు నా మాట వినడం లేదు. పొద్దున్నే లేచి వంటింటి కిటికీ దగ్గర నిలబడతాను. కూర్చుంటాను. మళ్లీ లేస్తాను. "నీకేమైనా చీమలు కుడుతున్నాయా?" అంటాడు మా ఆయన లూసియన్. రైల్వేవాళ్లు బదిలీ చేసింది ఆయన్ని. శిక్ష మాత్రం నాకు పడింది.

మొన్న ధైర్యం చేసి సైకిల్ బయటికి తీశాను. సముద్రం పక్క రోడ్డు కదా, బాగుంటుందనుకున్నాను. ఒక బస్సు నా మోచెయ్యి రాసుకున్నంత దగ్గరగా పోయింది. దాని వెనకే మోటారుసైకిల్ మీద ఒకడు, "ఇంటికెళ్లి సూపు కాచుకో మామ్మా!" అని అరిచి పోయాడు. నేను మామ్మనా? యాభై దాటీ దాటకముందే? ఆ కోపంలో ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చేశాను. సైకిల్ ఇప్పుడు బాల్కనీలో ఉంది. దాని మీద లూసియన్ సాక్సులు ఆరేస్తున్నాడు.

ఇన్నేళ్లూ ప్రతి ఆదివారం నీ వెనక చక్రాన్ని చూస్తూ తొక్కాను. ఎదురుగాలి నువ్వు కాసుకున్నావు, దారులు నువ్వు వెతికావు. మ్యాపులో ఎర్రగా, పసుపుగా ఉన్న పెద్ద రోడ్లన్నీ వదిలేసి, కంటికి ఆనని తెల్లగీతలు పట్టుకుని తీసుకెళ్లావు. నేను తల వంచుకుని వచ్చానంతే. ఇప్పుడు తలెత్తితే ఎటు పోవాలో తెలియడం లేదు.

ఒక్క సాయం చెయ్యి. ఆదివారం ఎటు వెళ్లావో రాయి. మలుపు మలుపూ రాయి. ఫోను మాత్రం చెయ్యకు, నీ గొంతు వింటే రైలెక్కేస్తాను. ఉత్తరమైతే ఈ వంటింట్లోనే కూర్చుని నీ వెంట వస్తాను.

నీ వెనకే ఉన్న,
ఒడిల్


వీల్‌బెర్త్,
నవంబరు.

నా ఒడిల్‌కి,

మామ్మా, ఎలా ఉన్నావు? (కోప్పడకు. మళ్లీ అననులే.)

రాయడం ఆలస్యమైంది. చలి, పనులు. సరే, ఎక్కు సైకిలు.

చర్చి ముందు నుంచి బయల్దేరాను. కోతమిల్లు దగ్గర ఎడమకి. తడిసిన చెక్కపొట్టు వాసన. అక్కణ్ణుంచి చెస్ట్‌నట్ చెట్ల కింద ఎక్కుడు. నువ్వెప్పుడూ నన్ను తిట్టుకునే చోటే, గేరు తగ్గించుకో. బుజాన్ ముసలమ్మ కుక్క పిరాట్ గేటు దూకి వచ్చింది. వాళ్ల గోడ ఉన్నంతదూరం తరిమి, గోడ అయిపోగానే డ్యూటీ దిగినట్టు వెనక్కి తిరిగింది. చెరువు మీద మంచు. కంచె పక్కన ఎర్రావులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. అంతదూరంలో ఒక్క కారు లేదు. ఒక ట్రాక్టరు ఎదురొచ్చి, పక్కకి ఆగి దారిచ్చింది.

ఆ తర్వాత దిగుడు. కింద మిల్లు వంతెన. కాసేపు ఆగి నీళ్ల చప్పుడు విని, నాలుగు దారుల కేఫేకి వెళ్లాను. ఫెర్నాన్ రెండు కాఫీలు పెట్టాడు.

"ఒకటి చాలు. ఒడిల్ వెళ్లిపోయిందిగా" అన్నాను.

"చెయ్యి అలవాటు మానలేదు. అయినా నవ్వుతూ తాగేది ఆవిడే. నువ్వు మందు తాగినట్టు తాగుతావు" అన్నాడు, తుంటరి మనిషి.

రెండూ నేనే తాగాను. ఇక్కడ అంతా మామూలే. ఇల్లే చిన్నదైపోయినట్టుంది. ఎన్నిసార్లు తిరిగినా గేటు దగ్గరే తేలుతున్నాను.

ప్రేమతో,
సొలాంజ్


మార్సెయ్,
ఫిబ్రవరి.

ప్రియమైన సొలాంజ్,

చలికాలమంతా నువ్వు రాసిన ఉత్తరాలు మడతల దగ్గర చిరుగుతున్నాయి. నిన్న పాలు కాస్తూ "ఎడమకి, ఎడమకి" అన్నానట. లూసియన్ నిజంగానే ఎడమకి జరిగి గిన్నె తన్నేశాడు. "ఆ సొలాంజ్ మనింట్లో లేకపోయినా నన్ను తొక్కించేస్తోంది" అని ఒకటే గొణుగుడు.

ఒకటి అడుగుతాను. అన్ని వారాలు తొక్కావు, ఒక్కసారీ వాన పడలేదేం? ఒక్క పంక్చరైనా కాలేదేం? నాకు తెలిసిన సొలాంజ్ వారానికోసారి చైను ఊడి దాని వంశాన్నంతా తిట్టేది. నేను వచ్చేశాక దేవత అయిపోయావా ఏంటి?

సరే విను. నాకిక ఇక్కడ కుదురు లేదు. నిలబడితే అరికాళ్లు దురద పెడుతున్నాయి. ఈస్టర్‌కి వచ్చేస్తున్నాను. సైకిల్ రైల్లో వేసుకుంటాను. ఆ చిన్నగది దులిపి ఉంచు.

ఆత్రంగా,
ఒడిల్


వీల్‌బెర్త్,
మార్చి.

ఒడిల్,

ఈస్టర్‌కి రావద్దు. మా మేనత్త కూతుళ్లు దిగుతున్నారు. చిన్నగది గోడలు చెమ్మ పట్టాయి. పైగా రోడ్ల మీద కంకర పోస్తారంటున్నారు. మే నెలలో చూద్దాం. అదీ గట్టిగా చెప్పలేను.

అన్నట్టు, నీ ముచ్చట తీరింది. పోయిన ఆదివారం పంక్చరైంది, సరిగ్గా మిల్లు వంతెన మీద. పిట్టగోడ మీద కూర్చుని ట్యూబు మార్చుకున్నాను. కింద గట్టంతా పసుపుపచ్చటి డాఫడిల్ పూలు. తిట్లు కూడా తిట్టాను. సంతోషమేనా?

సొలాంజ్


మార్సెయ్,
ఏప్రిల్.

సొలాంజ్,

ఈస్టర్ అయిపోయింది. నీ మేనత్త కూతుళ్లు లిమోజ్‌లో ఉంటారు. పాతికేళ్లలో ఒక్కసారీ నీ గుమ్మం తొక్కలేదు. మర్చిపోయాననుకున్నావా?

ఎవరామె? నేను లేని చోట ఇప్పుడు నీ వెనక తొక్కుతున్నదెవరు? పేరు చెప్తే ఏం పోతుంది? నేనేం జుట్టు పట్టుకోను కదా. ఈ వీధుల్లో పిచ్చిదానిలా తిరుగుతూ ఇదే ఆలోచిస్తున్నాను. ఆమె నాకంటే బాగా తొక్కుతుందా? ఎక్కుడులో నిన్ను తిట్టుకోదా?

ఒడిల్


నాలుగు దారుల కేఫే,
మే, శనివారం సాయంత్రం.

సొలాంజ్,

చిరునామా చూసి ఉలిక్కిపడకు. ఉదయం సైకిల్‌తో సహా గేరె స్టేషన్లో రైలు దిగాను. దారి తప్పి, రెండుసార్లు పశువుల దొడ్లోకే పోయి, చివరికి చెరువు దగ్గర తేలాను. వంతెన మీద కూర్చుని ఉంటే రేపు ఆదివారం నువ్వే ఎదురొస్తావనీ, నీ పక్కన ఆ రెండోది ఎవరో చూసేయొచ్చనీ, ముందుగా చోటు చూసుకుందామని దిగుడులోకి దిగాను.

వంతెన లేదు. రోడ్డు తిన్నగా వెళ్లి గాల్లో ఆగిపోయింది. పక్కన ఒకాయన కంచె బాగుచేస్తున్నాడు.

"ఎక్కడికమ్మా? జనవరి వరదకే పోయిందది" అన్నాడు.

"అదెలా? మార్చిలో మా స్నేహితురాలు దీని మీద కూర్చుని పంక్చరు వేసుకుందే!"

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "అయితే మీ స్నేహితురాలికి ఈత బాగా వచ్చుండాలి."

చుట్టు తిరిగి కేఫేకి వచ్చాను. ఫెర్నాన్ నోరు తెరిచి, "నీకు తెలియదా? నువ్వెళ్లిన నెలకే సొలాంజ్ ఆ దిగుడులో పడింది. కాలర్ ఎముక విరిగింది. అప్పట్నుంచి సైకిల్ ముట్టనే లేదు. ఇటు మొహం చూపించి ఎన్నాళ్లయిందో" అన్నాడు.

మీ ఇంటి సందులోకి వచ్చాను సొలాంజ్. గోడ వారన నిలబడ్డాను. నువ్వు గేటు దాకా వచ్చావు, రోడ్డు వంక చూశావు, వెనక్కి వెళ్లావు. మళ్లీ వచ్చావు. అచ్చం నేను మా కిటికీ దగ్గర చేసే పనే. పిలవకుండానే ఇటు వచ్చేశాను. లేని మనిషి మీద అంత అసూయపడ్డాను, ఏ మొహంతో పిలవను?

ఫెర్నాన్ మేడమీద గది ఇచ్చాడు. ఈ ఉత్తరం ఆయనే నీ గుమ్మంలో వేస్తానన్నాడు. నాకు కోపం ఉంది. ఆకలి అంతకంటే ఎక్కువగా ఉంది, ఆమ్లెట్ వస్తోంది. నువ్వు సైకిల్ తేనక్కర్లేదు. నడిచి రా.

ఒడిల్


వీల్‌బెర్త్,
జూన్.

నా ఒడిల్‌కి,

నువ్వు రైలెక్కి వారమైంది. ఆ నాలుగు రోజులూ మనం నవ్వడానికీ, నువ్వు నన్ను తిట్టడానికీ సరిపోయాయి. అసలు మాట నోటితో చెప్పలేకపోయాను. రాస్తున్నాను.

పడినందుకు భయం కాదే. తడి ఆకుల మీద చక్రం జారింది, పడ్డాను. మనం ఇద్దరం ఎన్నిసార్లు పడలేదు? భయం పడ్డాక మొదలైంది. గుంటలో వెల్లకిలా ఉన్నాను, చెయ్యి కదలదు. ఎవరైనా వస్తారని చూశాను. ఒక్క కారు రాలేదు. ట్రాక్టరు రాలేదు. మనం అన్నేళ్లు మ్యాపు మీద వేలు పెట్టి వెతికి వెతికి పట్టుకున్నామే, ఎవరూ రాని దారి అని, అది నా మీద కూర్చుంది. అరిచాను. అలవాటుగా నీ పేరే అరిచాను. వెనక నువ్వు లేవు. ఆవుల్ని తోలుకుపోవడానికి ఒకతను వచ్చేసరికి చీకటి పడుతోంది.

నా వెనక తొక్కానని ఎప్పుడూ అంటావు. దారి చూపించేది నేనేనని నేనూ అనుకునేదాన్ని. వెనక నీ చైను చప్పుడు వినపడుతున్నంతసేపే ఆ ధైర్యమంతా అని గుంటలో పడుకుని తెలుసుకున్నాను. ఇది నీకు రాస్తే ఆ ఊళ్లో నీకు మిగిలిన ఒక్క ఆదివారం కూడా పోతుందని కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని పోయినేడు మనిద్దరం వెళ్లిన దారే మళ్లీ రాశాను. తర్వాత ఆపడం చేతకాలేదు.

మూడో రోజు నువ్వు నా సైకిల్ దుమ్ము దులిపి, టైర్లకి గాలి కొట్టి, "నేను ముందు. నువ్వు నోరు మూసుకుని వెనక రా" అన్నప్పుడు పారిపోదామనుకున్నాను. కోతమిల్లు దగ్గర నువ్వు కుడికి తిరిగావు. "కుడికి కాదే గాడిదా, ఎడమకి!" అని నేను అరిచేదాకా నేను తొక్కుతున్నానన్న సంగతే నాకు తెలియలేదు.

నువ్వు మార్సెయ్ వెనకున్న కొండల మ్యాపు కొన్నానని రాశావు. మంచిది. తెల్లగీతలు చూడు. కానీ ఎక్కడికి పోతున్నావో లూసియన్‌కి చెప్పి వెళ్లు. చెప్పకపోయావో, నేనే వచ్చి తంతాను.

ఇవాళ ఆదివారం. వాన తుంపర. ఒక్కదాన్నే బయల్దేరాను. ఎక్కుడులో రెండుసార్లు చైను ఊడింది. చెరువు దాకా వెళ్లాను. అవతల దిగుడు మొదట్లో బ్రేకులు పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడినా బ్రేకులు వదల్లేకపోయాను. సైకిల్ తిప్పుకుని ఇంటికి వచ్చేశాను. ఇదీ ఈ వారం దారి, ఇంతే.

వచ్చే ఆదివారం మళ్లీ అక్కడిదాకా వెళ్తాను. దిగితే దిగానని రాస్తాను. దిగకపోతే దిగలేదని రాస్తాను.

నీ,
సొలాంజ్