క్లాసులో అడగకూడని ప్రశ్న

అక్టోబర్ 9, మంగళవారం

గ్రాంట్ కాంపోజిషన్ పేపర్లు పట్టుకుని నా గదికి వచ్చాడు. ఈ ఏడే కెనడా నుంచి మా కాలేజీకి ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన కుర్రాడు. అతని మంచిచెడ్డలు చూడటం నా డ్యూటీ. ఎవరిని పెళ్లాడతారు, ఎందుకు అని రాయమన్నాడట. నలభై మందీ ఇల్లు, ఉద్యోగం, అమ్మానాన్నల ఇష్టం అని రాశారు. ప్రేమ అన్న మాటే లేదని దిగులుపడ్డాడు. ఒక పేపరు తీసి చూపించాను. హాస్టల్‌కి రోజూ తనకోసం వేడినీళ్ల ఫ్లాస్కు మోసుకొచ్చేవాణ్ణే చేసుకుంటానని ఒకమ్మాయి రాసింది. ఇదేమిటి మరి అన్నాను. నీళ్లు అన్నాడు.

అక్టోబర్ 11

నా భార్య వెన్‌జూ పోయి ఈ రోజుకి ఏడు నెలలు. ఆమె కళ్లజోడు బీరువాలో పెట్టాను. మళ్లీ బల్లమీదికి తెచ్చాను.

అక్టోబర్ 12, శుక్రవారం

గ్రాంట్ కొంప ముంచాడు. క్లాసులో రుయిలిన్ అనే అమ్మాయికి వచ్చే నెల నిశ్చితార్థం. ఇంట్లోవాళ్లు చూసిన సంబంధం. అతన్ని ప్రేమిస్తున్నావా అని అందరిముందూ అడిగాడట. ఆ పిల్ల తల దించుకుంది. ఎవరో నవ్వారు.

అక్టోబర్ 15

రుయిలిన్ నిశ్చితార్థం వద్దందట. వాళ్లమ్మ పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. "ఇంగ్లీషు నేర్పమని పంపాం మాస్టారూ, సంబంధం చెడగొట్టమని కాదు" అంది. టీ ఇచ్చాను. తాగలేదు.

సాయంత్రం గ్రాంట్‌తో గట్టిగానే మాట్లాడాను. నువ్వు జూన్‌లో విమానం ఎక్కుతావు, ఆమె అదే వీధిలో బతకాలి అన్నాను. రాజీనామా చేస్తానన్నాడు. అంతకంటే తేలికైన పని లేదు, వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పమన్నాను.

అక్టోబర్ 21, ఆదివారం

ఇద్దరం వెళ్లాం. పెళ్లికొడుకు గావ్ బిన్ అక్కడే ఉన్నాడు. రుయిలిన్ ఫోన్‌లో అతన్నీ అదే ప్రశ్న అడిగిందట. జవాబు చెప్పలేక మనిషే వచ్చాడు. ట్రాక్టర్లు బాగుచేస్తాడు, గోళ్ల నిండా గ్రీజు.

గ్రాంట్ మా భాషలో బట్టీపట్టిన క్షమాపణ ఒప్పజెప్పాడు. వాళ్లమ్మ గోడవైపు చూస్తూ వింది. అప్పుడు రుయిలిన్ వంటింట్లోంచి ఒక గిన్నె తెచ్చింది. పంచదార నీళ్లలో ఉడికించిన మూడు గుడ్లు. మా వైపు అది కాబోయే అల్లుడికే పెడతారు. పెట్టారంటే ఒప్పుకున్నట్టే. పిల్ల తనే చేసి తెచ్చిందంటే ఇక చెప్పేదేముంది.

సిగ్గుకొద్దీ గిన్నెను ఇద్దరి మధ్యా పెట్టింది. గ్రాంట్ థాంక్స్ చెప్పి తనవైపు లాక్కున్నాడు. అందరం చూస్తుండగానే రెండు గుడ్లు తినేశాడు.

గావ్ బిన్ నెమ్మదిగా అన్నాడు: "సార్, ఆ ఒక్కటైనా నాకు వదలండి."

ముందు వాళ్లమ్మ నవ్వింది. తర్వాత అందరం. రుయిలిన్ గిన్నె లాగేసి గావ్ బిన్ ముందు పెట్టింది. చదువయ్యాకే పెళ్లి అని తల్లికి చెప్పింది. గ్రాంట్ వైపు తిరిగి, "మీరు అడగడం తప్పు కాదు సార్. నలభై మందిలో అడిగారు, అది తప్పు" అంది.

బస్సులో గ్రాంట్ చెవులు ఎర్రగా ఉన్నాయి. నేను ఊరు దాటేదాకా నవ్వుతూనే ఉన్నాను.

అక్టోబర్ 24

మెట్ల దగ్గర ఎవరూ లేనప్పుడు గ్రాంట్ ఆపాడు. ఒకటి అడగొచ్చా అని ముందు అడిగాడు. సరేనన్నాను. వెన్‌జూని ప్రేమించారా అన్నాడు.

ఔనన్నాను, ఇంగ్లీషులో.

ఇంటికొచ్చి, తలుపేసుకుని, ప్రేమించానని ఆమె కళ్లజోడుతో మా భాషలో అన్నాను. మొదటిసారి.